బస్సుకి డబ్బులిస్తాం, గైడుకి ఇవ్వం

హైదరాబాద్ నుంచి సముద్రం చూడటానికి వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను ఒకటే మాట అంటున్నాను. కారు ఇంట్లో పెట్టి బస్సు ఎక్కండి, ఆ బస్సులో ఆ తీరం మనిషి ఒకరు గైడుగా ఉంటారో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే డబ్బులు కట్టకండి. చాలామందికి ఈ మాట నచ్చడం లేదు. ప్యాకేజీ బస్సంటే మనకి చిన్నచూపు. అది రిటైరైనవాళ్లకి, తీర్థయాత్రలకి, స్కూలు పిల్లలకి అని ఒక లెక్క పడిపోయింది. సొంత కారుంటే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు కదా అంటారు. నిజమే, ఆగొచ్చు. ఎక్కడ ఆగాలో తెలిస్తే.

శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి దారి పట్టి, మూడొందల కిలోమీటర్ల పైచిలుకు బండి తోలి, అర్ధరాత్రి దాటాక చీరాల దగ్గర రామాపురంలోనో, బాపట్ల దగ్గర సూర్యలంకలోనో రిసార్టులో దిగి, పొద్దున పదింటికి లేచి, నీళ్లలో రెండు గంటలు ఆడి, చేపల ఫ్రై తిని, ఆదివారం రాత్రికి ఇల్లు చేరేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లని తప్పుపట్టడం లేదు. వారమంతా ట్రాఫిక్‌లో నలిగినవాడికి ఆ రెండు గంటలు కావాలి. కానీ వాళ్లు పడుకున్న రిసార్టు గోడకి కూతవేటు దూరంలో ఒక ఊరు పొద్దున అయిదింటికే పని మొదలుపెట్టి, వీళ్లు లేచేసరికి సగం పని ముగించేసింది. ఆ సంగతి వాళ్లకి చెప్పేవాళ్లే లేరు. నా బాధంతా దాని గురించే.

గైడు అవసరమేంటి, ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా అనేవాళ్లని నేను గోల్కొండ గురించి అడుగుతాను. ఫతే దర్వాజా గుమ్మటం కింద ఒకచోట నిలబడి చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో కొండమీద బాలాహిస్సార్‌లో వినపడుతుంది. ఈ ముక్క మనకెలా తెలిసింది? చిన్నప్పుడు స్కూలువాళ్లు తీసుకెళ్లినప్పుడు ఒక గైడు మనల్ని సరిగ్గా ఆ చోట నిలబెట్టి, చప్పట్లు కొట్టించి, పైనున్న ఇంకో బ్యాచి చెయ్యి ఊపితే చూపించాడు కాబట్టి. గైడు లేకుండా వచ్చినవాళ్లు రోజూ వందల మంది ఆ చోటు మీదుగానే నడిచి, టికెట్ ఎక్కడ అని అడుగుతూ ముందుకు పోతారు. కోట అదే, రాయి అదే, ఒకరికి వినపడింది, ఒకరికి వినపడలేదు.

పోయిన ఫిబ్రవరిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం కలిసి ఒక ట్రావెల్స్ ద్వారా తీరం ట్రిప్పు పెట్టుకున్నాం. రాత్రి సికింద్రాబాద్‌లో రైలు, తెల్లవారుజామున చీరాల, స్టేషన్ బయట బస్సు, మధ్యాహ్నం భోజనాల వేళకి మళ్లీ చీరాల. సగం రోజు పని. వాడరేవు, అక్కడి లైట్‌హౌస్, చినగంజాం ఉప్పు మడులు, మోటుపల్లి. రైలు టికెట్ కాక మనిషికి రూ.1,800. ట్రావెల్స్ తరఫున వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడే, పాపం రాత్రంతా నిద్రలేదు కూడా. కానీ అతన్ని గైడు అని పిలవడమే అన్యాయం. తలలు లెక్కపెట్టడం, టిఫిన్ ఎక్కడో బాత్రూమ్ ఎక్కడో మైకులో చెప్పడం, టైమ్ అయిందని విజిల్ వెయ్యడం అతని పని. తీరం గురించి అతనికి తెలిసింది చేతిలో కాగితం మీదున్న పది లైన్లే.

అసలు గైడు వాడరేవులో ఎక్కాడు. ఎక్కాడనడం కంటే దొరికాడనాలి. బస్సు డ్రైవర్‌కి తెలిసినాయన, యాభై దాటిన మనిషి, పదిహేనేళ్ల వయసు నుంచీ వేటకెళ్లి, మోకాలు అరిగిపోయాక ఒడ్డునే ఉండి చేపల వేలంపాట దగ్గర లెక్కలు రాసుకుంటున్నాడు. చదువు అయిదో తరగతి. ఆయన మాతో ఉన్నది రెండున్నర గంటలు. ఇప్పటికీ మా లిఫ్టులో కలిసినవాళ్లు మాట్లాడుకునేది ఆ రెండున్నర గంటల గురించే, బస్సు ఏసీ గురించి ఎవరూ మాట్లాడరు.

ముందు పాట దగ్గరికి తీసుకెళ్లాడు. ఫైబర్ బోట్లు ఒక్కొక్కటిగా ఒడ్డుకొస్తున్నాయి. కెరటం మీద వచ్చి ఇసుకని తాకగానే నలుగురైదుగురు నడుములోతు నీళ్లలోకి దూకి బోటుని పక్కకి తిరగకుండా పట్టుకుంటున్నారు, పక్కకి తిరిగితే తర్వాతి కెరటం బోర్లా తోసేస్తుందట. చేపల్ని టార్పాలిన్ మీద కుప్పపోస్తారు. చుట్టూ ఆడవాళ్లు, గంపలు, ఐస్ డబ్బాలు, ఒక తక్కెడ. పాట పాడే మనిషి అంకెలు ఎంత వేగంగా అంటాడంటే మాకు మొదటి మూడు కుప్పలూ ఎవరికి పోయాయో అర్థమే కాలేదు. మా గైడు చెప్పాడు, అతని నోటికేసి చూడొద్దు, గంపమీద చెయ్యి పెట్టిన ఆడమనిషిని చూడమని. నాలుగో కుప్ప దగ్గర మాకు తెలిసింది. పసుపు చీర కట్టుకున్న ఒకావిడ ఏమీ మాట్లాడకుండా కాలి బొటనవేలితో ఒక కానాగడతని పక్కకి దొర్లించి, కింద చేప కళ్లు చూసి, తల ఒకసారి అడ్డంగా ఊపింది, పాట అక్కడ ఆగింది. కళ్లు మెరుస్తూ ఉబ్బినట్టుంటే రాత్రి వేట, లోపలికి పోయి మసకబారితే నిన్నటి వేట. ఆవిడ ఆ కుప్ప వదిలేసింది.

ఆ పక్కనే ఇంకో బోటు వచ్చింది, అందులో మంచి చందువలున్నాయి, వంజరం ఒకటి చెయ్యంత పొడుగున్నది. దాని దగ్గర పాట లేదు. నేరుగా బండిలోకెక్కించారు. మావాళ్లలో ఒకాయన, ఇదేంటన్నా దీనికి వేలం లేదా అనడిగాడు. "అది అప్పు బోటు సార్. ఇంజిన్ కొనడానికి సేటు దగ్గర అడ్వాన్సు తీసుకుంటే పడ్డ చేప ఆయనకే ఇయ్యాల, ఆయన చెప్పిన రేటుకే" అన్నాడు. మిగతా బోట్లలో డీజిలు, ఐస్ ఖర్చు తీసేశాక వచ్చినదాన్ని వాటాలు చేస్తారు, బోటుకో వాటా, ఇంజిన్‌కో వాటా, వలకో వాటా, తర్వాత మనుషులకి. మా బస్సులో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఈ వాటాల లెక్క విని వాళ్లు అడిగిన ప్రశ్నలు అన్నీ ఇన్నీ కావు. వేట బాగా పడని రోజు నష్టం ఎవరిది? వల చిరిగితే? మనిషికి జ్వరమొస్తే వాటా ఉంటుందా? కోఆర్డినేటర్ అబ్బాయి విజిల్ వేసినా ఎవరూ కదల్లేదు.

ఒడ్డున నడుస్తుంటే ఒకచోట ఆగి, పిల్లల్ని ఎక్కడ దింపుతారమ్మా నీళ్లలోకి అని మా పక్కింటావిడని అడిగాడు. ఆవిడ కెరటాలు తక్కువున్న చోటు చూపించింది, ఎవరైనా అదే చూపిస్తారు. రెండువైపులా కెరటాలు తెల్లగా విరిగి పడుతున్నాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉంది. "అట్టా కాదమ్మా, ఆడనే పిల్లల్ని పోగొట్టుకుండేది" అన్నాడు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ మళ్లీ లోపలికి పోయేది ఆ దారినే, అందుకే అక్కడ కెరటం విరగదు, మనిషి దిగితే కాలికింద ఇసుకతో సహా లాక్కుపోతుంది. అలా చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలసిపోయి మునుగుతారు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పట్టీ దాటాక ఒడ్డుకి రావాలి. సూర్యలంకలోనో, రామాపురంలోనో హైదరాబాద్ కుర్రాళ్లు కొట్టుకుపోయారన్న వార్త మనం ఎన్నిసార్లు చదివాం. కారులో వచ్చి కారులో పోయిన ఆ పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పే మనిషి ఎదురుపడలేదు. గైడు ఎందుకు అని ఇంకా అడిగేవాళ్లకి నేను వేరే జవాబు వెతకను.

ఇక లైట్‌హౌస్. చాలాచోట్ల సందర్శకుల్ని సాయంత్రం పూటే పైకి రానిస్తారు. పొద్దుటి ట్రిప్పు పెట్టి లిస్టులో లైట్‌హౌస్ అని రాసి, గేటు బయట నిలబెట్టి ఫొటో తీయించి బస్సెక్కించేవాళ్లు ఉన్నారు, కాబట్టి డబ్బులు కట్టేముందే లోపలికి వెళ్తామా, పైకి ఎక్కుతామా అని అడగండి. మాకు ముందే అడిగిపెట్టడం వల్ల పైకి రానిచ్చారు. మెలికల మెట్లు, పైకి పోయేకొద్దీ గాలి హోరు, చివర్లో చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన ఇనప నిచ్చెన. మా అమ్మ కిందే ఉండిపోయింది, పిల్లలు మాకంటే ముందే పైనున్నారు.

పైన అందరూ అన్న మొదటి మాట, ఇంత చిన్న లైటా అని. నిజమే, లోపలి దీపం అంత పెద్దదేం కాదు. పనంతా దాని చుట్టూ ఉన్న అద్దాలది. ఒక దీపం వెలుతురు నాలుగువైపులా చెదిరిపోతుంది, ఆకాశంలోకీ నేలమీదికీ పోయేదంతా వృథా. మెట్లు మెట్లుగా కోసిన గాజు వలయాలు దాన్నంతా మళ్లించి ఒకే దారిలో సముద్రం మీదికి పంపిస్తాయి. ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ అనే ఆయన ఈ పద్ధతి కనిపెట్టి 1823లో అక్కడి ఒక లైట్‌హౌస్‌లో బిగించాడు, రెండు వందల ఏళ్లు దాటినా ఈ ఉపాయం ఇంకా వాడుకలోనే ఉంది. అన్ని లైట్‌హౌస్‌లూ ఒకేలా వెలగవు. ఎన్ని సెకన్లకి ఎన్నిసార్లు మెరవాలన్నది ఒక్కోదానికి ఒక్కోరకంగా రాసిపెట్టి ఉంటుంది, పొరుగు లైట్‌హౌస్‌తో పొరబడకూడదని. చీకట్లో ఓడమీదున్నవాడు సెకన్లు లెక్కపెట్టి, ఇది ఫలానా ఊరు అని తేల్చుకుంటాడు. పగలైతే కట్టడం మీది రంగులే గుర్తు.

అంత ఎత్తు ఎందుకన్నది అక్కడ నిలబడితేనే అర్థమవుతుంది. ఒడ్డున నిలబడిన మనిషి చూపు సముద్రం మీద నాలుగున్నర కిలోమీటర్లు దాటదు, భూమి వంపు తిరిగిపోతుంది. ముప్ఫై మీటర్లు పైకెక్కితే అదే చూపు పందొమ్మిది కిలోమీటర్లు దాటుతుంది. విశాఖ వైపయితే కొండలున్నాయి, దీపాన్ని కొండమీద పెట్టొచ్చు. ఇక్కడ బాపట్ల జిల్లా తీరమంతా బల్లపరుపు, ఇసుక, సరుగుడు తోటలు, సముద్రం మీంచి చూస్తే మైళ్ల కొద్దీ ఒకటే గీత. కొండలేని చోట మనిషి కొండ కట్టుకోవాల్సి వచ్చింది.

జీపీఎస్ వచ్చాక ఇదంతా ఎందుకని మా పిల్లల్లో ఒకడు గైడుని అడిగాడు. మంచి ప్రశ్నే. ఆయన జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు, వాళ్ల బోటువాళ్లు కూడా జీపీఎస్సే వాడుతున్నారట ఇప్పుడు. కానీ ఆయన వేటకెళ్లే రోజుల్లో సముద్రం అడుగున రాళ్లెక్కడున్నాయో, ఏ చోట వల వేస్తే చిరుగుతుందో తెలుసుకోవడానికి ఇదే ఆధారం. లైట్‌హౌస్‌ని, దాని వెనక ఒక తాటితోపుని ఒకే గీతలోకి తెచ్చుకోవాలి, అటువైపు ఒక గుడి శిఖరాన్నీ ఒక పెద్ద చెట్టునీ ఇంకో గీతలోకి తెచ్చుకోవాలి, రెండు గీతలూ కలిసే చోట రాళ్లు. వాళ్ల నాన్న ఆయనకి చూపించాడు, ఆయన కొడుకుకి చూపించాడు. ఆ చెట్టు తుఫానులో పడిపోతే మళ్లీ వేరే గుర్తు వెతుక్కున్నారు. "ఫోన్ తడిస్తే పోద్ది బాబూ. లైటౌసు తడిస్తే ఏమవద్ది?" అన్నాడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రోజుల్లో బోట్లన్నీ పైకి లాగి తాళ్లతో ఎలా కట్టుకున్నారో, ఎవరింటి పైకప్పు ఎటు పోయిందో ఆయన వరసగా చెబుతుంటే పైన గాలికి మాకు సగమే వినపడింది, కిందికి దిగాక మళ్లీ చెప్పించుకున్నాం.

దిగాక ఆయన వెళ్లిపోయాడు. కోఆర్డినేటర్ చేతిలో పెట్టింది రూ.500. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. బస్సులో ముప్ఫైమందికి పైగా ఉన్నాం, అంటే మా దగ్గర వసూలైంది యాభై వేలు దాటింది. అందులో ఆ ట్రిప్పుని ట్రిప్పుగా నిలబెట్టిన మనిషికి నూటికి ఒక రూపాయి కూడా దక్కలేదు. ఆ అబ్బాయిని అడిగితే, ఆయన ప్యాకేజీలో లేడండీ, ఎక్స్‌ట్రా ఇచ్చాం అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. టిఫిన్లో రెండో వడ ప్యాకేజీలో ఉంది. టోపీ ప్యాకేజీలో ఉంది, మీద ట్రావెల్స్ పేరుతో. ఊరిని అర్థం చేయించే మనిషి మాత్రం లేడు.

గైడు లేకపోతే ఏమవుతుందో అదే ట్రిప్పు మిగతా సగంలో చూశాం. వేటపాలెం మీదుగా పోతున్నప్పుడు మైకులో ఒక్క ముక్క రాలేదు. 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉన్న ఊరది, గాంధీజీ చేతికర్ర ఇప్పటికీ ఆ గ్రంథాలయంలోనే ఉంది. బస్సులో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. చీరాల సంగతీ అంతే. మునిసిపాలిటీ పన్నులకి ఎదురుతిరిగి 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాటమీద జనం ఇళ్లొదిలి ఊరి బయట పాకలేసుకుని నెలల తరబడి ఉన్న ఊరు, మాకు అది స్టేషనూ టిఫినూ. చినగంజాంలో ఉప్పు మడుల దగ్గర ఆపారు. ఎండకి తెల్లగా కళ్లు చెదిరిపోతున్నాయి, అవతల ఆడా మగా చెక్కలతో ఉప్పు లాగి కుప్పలు పోస్తున్నారు. అయిదు నిమిషాలు, ఫొటోలు, పదండి పదండి. కాళ్లకేమీ లేకుండా రోజంతా ఆ ఉప్పునీళ్లలో నిలబడేవాళ్లని మేం దూరం నుంచి ఫొటో తీశామే తప్ప ఒక్కరినీ పలకరించలేదు, ఎలా పలకరించాలో మాకు తెలియదు, పరిచయం చేసేవాళ్లు లేరు. అది నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది.

ఇక మోటుపల్లి. నన్నడిగితే హైదరాబాద్, వరంగల్ వాళ్లు తెలుగు తీరంలో ఒకే ఒక్క ఊరు చూడాల్సొస్తే ఈ ఊరే చూడాలి. మైకులో వచ్చింది, "ప్రాచీన దేవాలయం, పది నిమిషాలు." మా అదృష్టం కొద్దీ మాతో హన్మకొండ నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ గారున్నారు. వీరభద్రస్వామి గుడి మండపంలో స్తంభం మీది శాసనం దగ్గర ఆయన ఆగిపోయారు. ఓరుగల్లు నుంచి ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అది. అందులో ఉన్న సంగతి ఆయన చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడలు తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకి కొట్టుకొస్తే వెనకటి రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసేసుకునేవారు. మేం మాత్రం కీర్తి కోసం, ధర్మం కోసం, ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ల మీది దయతో, నిర్ణయించిన సుంకం తప్ప అంతా వదిలేస్తున్నాం అంటాడు రాజు. సుంకం ముప్ఫైలో ఒక వంతు. కింద సరుకుల పట్టిక, గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు.

మన తెలంగాణ రాజముద్రలో కాకతీయ తోరణం ఉంది, మనకి దాని గురించి గర్వం, ఉండాలి కూడా. ఆ తోరణం కట్టించిన వంశంలోని రాజు, సముద్రానికి అంత దూరాన కూర్చుని, తుఫానుకి ఓడ పోగొట్టుకున్న పరాయి దేశపువాడికి నీ సరుకు ముట్టుకోను అని మాటిచ్చి రాతిమీద చెక్కించాడు. ఆ శతాబ్దం చివర్లోనే మార్కో పోలో ఈ రేవు గురించి రాశాడు, ఇక్కడి సన్నటి నూలుబట్టల గురించి, రాజ్యమేలిన రాణి గురించి, రుద్రమదేవి అన్నమాట. 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి ఇదే ఊళ్లో వర్తకులకి మళ్లీ ఇంకో శాసనం వేయించాడు. తర్వాత మన గోల్కొండ సుల్తానుల కాలానికి రేవు బందరుకి మారింది, వజ్రాలూ కలంకారీ బట్టలూ అక్కణ్నుంచి ఓడెక్కాయి, ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడే దిగారు. హైదరాబాద్‌కి సముద్రం లేదని అనుకుంటాం గానీ ఈ నగరం సంపదంతా ఒకప్పుడు ఆ దారినే వచ్చింది, పోయింది.

లెక్చరర్ గారి మాటలు విన్నది మేం ఏడెనిమిది మందిమే. మిగతావాళ్లు అప్పటికే బస్సు నీడలో నిలబడి మజ్జిగ తాగుతున్నారు. వాళ్ల తప్పేం లేదు, పాత గుడి పది నిమిషాలు అంటే పాత గుడి పది నిమిషాలే. తర్వాత బస్సులో ఆయన చేతికి మైకు ఇప్పించి మళ్లీ చెప్పించాం. ఇంత విషయం ఉందా, చెప్పలేదేంటి అని చాలామంది నొచ్చుకున్నారు. ఉన్నది చూపించలేకపోవడం ఆ ట్రావెల్స్ వాళ్లొక్కరి లోపమే అనుకోను. మనం అడగం. ఫోన్ చేసి బుక్ చేసుకునేటప్పుడు బస్సు ఏసీయా, సీట్లు వెనక్కి వాలతాయా, భోజనం వెజ్జా నాన్‌వెజ్జా, బాత్రూమ్‌లు శుభ్రంగా ఉంటాయా అని అడుగుతాం, అడగాల్సినవే అన్నీ. గైడు ఎవరు, ఏ ఊరు, ఏం పని చేసేవాడు, ఎంతిస్తున్నారు అని అడిగినవాళ్లని నేను చూడలేదు. కొనేవాడు అడగని సరుకు అమ్మేవాడు ఎందుకు పెడతాడు?

ఖర్చు పెరిగిపోతుందంటారు. ముప్ఫైమంది బస్సులో మనిషికి వంద రూపాయలు ఎక్కువేస్తే మూడు వేలు. వేటమీద ఒక మనిషికి చాలా రోజులు అందులో సగం కూడా మిగలదు. తీరం కోసం ఒకరు, చరిత్ర కోసం ఒకరు, ఇద్దర్ని పెట్టుకున్నా మనిషికి రెండొందలు, రైల్వే స్టేషన్లో రెండు కాఫీలు ఒక బిర్యానీ పొట్లం అంత. 2024లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా 75 లైట్‌హౌస్‌లలో పర్యాటకుల కోసం కట్టిన సౌకర్యాలను ప్రారంభించింది, మంచిదే. పార్కులు, బెంచీలు, టికెట్ కౌంటర్లు వస్తాయి. పక్క ఊళ్లో వేటకెళ్లే ఇంటి పిల్లలకి ఆ దీపం గురించి, ఆ తీరం గురించి చెప్పే పని నేర్పించి జీతమిచ్చే ఏర్పాటు కూడా ప్రతిచోటా వాటితోపాటు రావాలని నా కోరిక.

ఇంకో అభ్యంతరం ఉంది, అది మాత్రం గట్టిదే. ఊళ్లేమైనా జూ పార్కులా, బస్సులేసుకుని వెళ్లి వాళ్లు బతకడం చూడటమేంటి అని మా చెల్లెలు అడిగింది. నేను చాలా రోజులు ఆలోచించాను. పాట దగ్గర మావాళ్లు ఒకరిద్దరు అడగకుండా ఆడవాళ్ల మొహాల మీదికి ఫోన్ పెట్టబోతే మా గైడు చెయ్యి అడ్డం పెట్టి, ముందు పలకరించండి అన్నాడు. పలకరించాక ఆ ఆడవాళ్లే, మీదే ఊరమ్మా, హైదరాబాద్‌లో కిలో వంజరం ఎంతుంది అని ఎదురడిగారు. ధర విని ఒకావిడ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది, ఇంకొకావిడకి కోపమే వచ్చింది, మాకిచ్చేది ఇంత, మీ దగ్గర గుంజేది అంతా అని. ఆ కబురు ఆ రోజు పాట దగ్గరంతా పాకింది. ఊరి మనిషి వెంట ఉండి తీసుకెళ్తే మనం చుట్టాలం కాకపోయినా చుట్టాల వెంట వచ్చినవాళ్లమవుతాం. ఎవరూ లేకుండా పది కార్లలో ఇసుక మీదికి దూసుకెళ్లి, ఎండబెట్టిన నెత్తళ్ల పక్కన బీరు సీసాలు పారేసేవాళ్లతో పోలిస్తే ఒక బస్సు, ఒక పార్కింగు, మనల్ని ఆపగలిగిన ఒక మనిషి ఆ ఊరికి చాలా నయం.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా గైడుని అడిగే పెట్టుకోవాలి. మనం పిల్లల సెలవులని వేసవిలో పెట్టుకుంటాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం, ఇంజిన్ బోట్లేవీ సముద్రంలోకి పోవు. సరిగ్గా మన సెలవులు అవే. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, పాట ఉండదు, ప్రభుత్వమిచ్చే భృతితో ఇళ్లు గడుపుకుంటూ వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. అప్పుడు వెళ్లినా చూడటానికుంది, వల కళ్లు ఎలా అల్లుతారో కూర్చుని చూడొచ్చు, కానీ అది తెలిసి వెళ్లాలి. అక్టోబరు నుంచి డిసెంబరు తుఫాన్ల కాలం, కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాల రద్దీ. జనవరి నుంచి మార్చి మధ్య అయితే వేట ఉంటుంది, ఎండ భరించగలం, అదృష్టముంటే ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రి ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టి వెళ్లిన జాడ పొద్దున ఇసుక మీద ట్రాక్టర్ టైరు అచ్చులాగా కనపడుతుంది.

వచ్చే జనవరికి మళ్లీ బయల్దేరుతున్నాం, ఈసారి ట్రావెల్స్‌తో ముందే మాట్లాడి ఇద్దరు గైడుల డబ్బు విడిగా రాయించాం. వాడరేవు ఆయనకి ఫోన్ చేస్తే సంతోషంగా వస్తానన్నాడు, మూడు షరతులు పెట్టాడు. పాతిక మందికి మించొద్దు, పాట జరుగుతుండగా తక్కెడకీ గంపలకీ మధ్య నిలబడొద్దు, ఉప్పు మడుల దగ్గర ఆయన మేనమామ కొడుకుని కూడా పిలిపించుకుని అతనికీ డబ్బులివ్వాలి. మూడింటికీ ఒప్పుకున్నాం.